మాఘమాసమున మల్లెతావి

చలికాలమున దీపములు పెట్టు వేళకు మన పెరటిలో ఏ పూవు వాసన వేయునో ఒకసారి తలచి చూడుడు. బంతి కలదు, చేమంతి కలదు. తెల్లనిపూలలో మొల్ల కలదు. దీనినే సంస్కృతమున కుందమందురు. మాఘమాసమున పూచునది గనుక అమరకోశము దీనికి మాఘ్యమను పేరును కూడ చెప్పుచున్నది. చూపునకు ముచ్చటైన పూవే కాని దాని తావి మెత్తనిది. చలిగాలిలో వాకిలి దాటి రాదు. వేసవిరాత్రులయందు వీధినెల్ల నింపెడి మల్లె ఆ దినములలో పూతలేక ఊరకుండును.

చలివేళకు తగిన సుగంధములు వేరు, ఎండవేళకు తగినవి వేరు అని మన పెద్దలు ఏనాడో ఎరుగుదురు. చరకసంహితలో హేమంతమునకు అగరుపూత, గ్రీష్మమునకు చందనము చెప్పబడినవి. దీనికి లోకానుభవము కూడ సాక్ష్యము. చలిలో ఏ వాసనయైనను మెల్లగా ఆవిరియగును. తేలికవాసనలు ముక్కునకు అందనే అందవు. తీయగా, దట్టముగా ఉండునవి మాత్రము ఒడలి వేడికి కొంచెము కొంచెముగా లేచి రాత్రియంతయు నిలుచును. మల్లె అట్టి తీయని వాసన గలది. కాని కోరికయేమో మాఘమాసమున, పూవేమో వైశాఖమున. ఈ ఎడమును దాటుటకు మనుష్యులు పడిన పాట్ల చరిత్రమే నేటి నా ప్రసంగము.

సుగంధద్రవ్యముల బేరము మన తెలుగునాట ప్రాచీనమైనది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున చందనము, కర్పూరము, పన్నీరు, జవాది మొదలగు సరకులపై సుంకములు నిర్ణయింపబడియున్నవి. కొండవీటి కుమారగిరిరెడ్డికి కర్పూరవసంతరాయలను బిరుదు వచ్చినది వసంతోత్సవముల వలననే. ఆ కాలపు వర్తకుడు అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితము చేసి, వారి యింటి నావలు దీవులనుండి పరిమళద్రవ్యములు తెచ్చుటను వర్ణించెను. అయితే ఈ సరకులన్నియు ఓడకెక్కి నెలల తరబడి ప్రయాణము చేయగలవి. చందనము మ్రాను, కర్పూరము గడ్డ, జవాది జంతువు నుండి వచ్చునది. మల్లె అట్టిది కాదు. ఉదయమున మొగ్గ, సాయంకాలమున పూవు, మరునాటికి చెత్త. దానిని సంచిలో కట్టి దాచు ఉపాయము లేదు.

ఉపాయమేమో నేను మొదట గ్రంథములలో చదువలేదు. మా నాయనమ్మ దగ్గర చూచితిని. వేసవిలో ఆమె పొట్టు తీసిన నువ్వులను చేట నిండ చెరిగి ఎండబెట్టి, వెడల్పాటి ఇత్తడి పళ్లెములో ఒక పొర నువ్వులు, ఒక పొర మల్లెమొగ్గలు, మరల నువ్వులు, ఈ విధముగా పరచి, పైన పలుచని గుడ్డ కప్పెడిది. మొగ్గలపై తడి ఉండరాదు. మొగ్గలు రాత్రి ఆ నువ్వుల నడుమనే విచ్చుకొనెడివి. తెల్లవారుసరికి పూలు ఎఱ్ఱబారకముందే ఏరి పారవేసి, సాయంకాలము మరల క్రొత్త మొగ్గలు పెట్టెడిది. ఎన్నిసార్లు మార్చవలెనని నేనడిగితిని. "నువ్వు కొరికితే పూవు తగలాలిరా, అంతవరకు" అనెను. పిమ్మట ఆ నువ్వులు తెలికలవారి గానుగకు పోయెడివి. నేను మూట మోసెడివాడను. అంతకుముందు ఆడిన నూనె వాసన అంటకుండుటకై మొదట గుప్పెడు వట్టి నువ్వులు వేసి గానుగరోలు కడిగించినగాని ఆమె మూట విప్పెడిది కాదు. ఆ నూనె సీసాలో పోసి భోగినాటి తలంటుకొరకు దాచెడిది.

ఇది మా యింటి విద్య యని అప్పుడు నేను గర్వపడితిని. తరువాత తెలిసినదేమనగా, కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున రాజుల అభ్యంగమునకు పూలతో వాసన పట్టించిన నువ్వులనుండి తీసిన తైలమే చెప్పబడినది. ఉత్తరదేశమున కన్నోజు, జౌన్‌పురము, ఘాజీపురములలో ఈ నూనెకు ఫులేల్ అని పేరు. అచ్చట అది తరతరముల వ్యాపారము. కన్నోజువారికి మరియొక మార్గమును కలదు. రాగిడేగిశాలో పూలు, నీరు పోసి మూతిని మట్టితో బిగించి, వెదురుగొట్టము ద్వారా ఆ ఆవిరిని చందనతైలమున్న పాత్రలోనికి పట్టుదురు. అత్తరు అనునది ఇదియే. గులాబి, మొగలి ఈ మార్గమున చక్కగా లొంగును. మల్లెజాజుల అత్తరును వారు తీయుదురు కాని, మరగుటలో ఆ పూలు తమ తావిలో కొంత పోగొట్టుకొనును.

ఏల పోగొట్టుకొనును? ఈ ప్రశ్నకు సమాధానము ఐరోపాలో దొరికినది. ఫ్రాన్సు దక్షిణమున గ్రాసు అను ఊరిలో, మన నువ్వులకు బదులు శుద్ధిచేసిన పందికొవ్వును, పశువుల కొవ్వును అద్దపు పలకలపై పూసి, దానిపై జాజిపూలు పరచి, దినదినమును పూలు మార్చుచు రెండు నెలలకు పైగా వాసన పట్టించెడివారు. మనము నేలసంపెంగ అనెడి తెల్లపూవునకును వారిదే పద్ధతి. ఆ పూవు పుట్టినది మెక్సికో దేశము. స్పెయినువారు దానిని సముద్రము దాటించిరి. నేడు మన సంతలలో లిల్లీ అను పేరున అమ్మబడుచున్నది. 20వ శతాబ్దారంభమున జర్మను రసాయనశాస్త్రవేత్త ఆల్బర్ట్ హెస్సె ఈ పద్ధతిని పరీక్షించి, వెంటనే సారము పిండినదానికంటె కొవ్వుపై పరచినపుడు జాజిపూలు ఎన్నో రెట్లు పరిమళమిచ్చునని చూపెను. గులాబి కోయునాటికే తన తావిని సిద్ధము చేసికొనియుండును. మల్లె, జాజి, నేలసంపెంగ అట్లు కాదు. కోసిన తరువాతను అవి బ్రదికియుండి, గంట గంటకు క్రొత్తతావిని పుట్టించుచుండును. నీళ్లలో మరగించిన క్షణమున ఆ ప్రాణము పోవును. నువ్వులలో పెట్టిన మొగ్గ మాత్రము రాత్రియంతయు తన పని తాను చేసికొనును. మా నాయనమ్మకు హెస్సె పేరు తెలియదు. ఆ సంగతి తెలియును.

కొవ్వుపలకల పద్ధతికి కూలి ఎక్కువ. కావున 20వ శతాబ్ద మధ్యమునాటికి అది ఇంచుమించు అంతరించినది. ఇప్పుడు త్వరగా ఆవిరియగు ద్రావకములలో పూలను ముంచి సారము తీయుదురు. తమిళనాడున మదుర, కోయంబత్తూరు ప్రాంతములయందు ఈ కర్మాగారములు కలవు. మన మల్లెజాజుల సారము అచ్చటినుండి విదేశములకు పోవుచున్నది. 1000 కిలోల జాజిపూలకు దక్కు శుద్ధసారము రెండు కిలోలు దాటుట అరుదు. దాని వెల మీరే ఊహింపవచ్చును. అందుచేతనే అంగళ్లలో మల్లె అని అమ్మబడు చౌకసీసాలలో పూవు ఉండదు. బెంజైల్ ఎసిటేట్ మొదలగు కృత్రిమద్రవ్యములు ఉండును. ఆ ద్రవ్యము నిజపు మల్లెలోను కలదు కాని, అది ఒక్కటే మల్లె కాజాలదు. నిజపు పూవులో ఇండోల్ అను పదార్థము కూడ కొంచెము కలదు. అది కుప్పగా ఉన్నచో దుర్గంధము. పూవులో లేశమాత్రముగా ఉన్నప్పుడు ఆ తీపికి లోతు నిచ్చును.

అనుకరణము క్రొత్తదని మనము కోపింప పనిలేదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమున సంపెంగవాసన గల తైలమునకు ఒక యోగము చెప్పెను. అందు మంజిష్ఠ, చెంగల్వకోష్టు మొదలగునవి కలవు. నూనెలో కలిపి ఎండకు కాచవలెను. సంపెంగపూవు మాత్రము అందు లేదు. అయితే ఆయన దానిని సంపెంగవాసన గల తైలమనెనే కాని, సంపెంగనుండి తీసినదనలేదు. ఆ నిజాయితీ నేటి సీసాలకును ఉన్న చాలును.

నాయనమ్మ పోయిన తరువాత మిగిలిన ఒక్క సీసాను మా అమ్మ నాలుగు భోగులకు సరిపెట్టినది. అయిదవయేట నేను పట్టణమునుండి శుద్ధమల్లె అని వ్రాసియున్న సీసా కొనితెచ్చితిని. అమ్మ అరచేత వేసికొని వాసన చూచి, "బాగానే ఉందిరా, కాని ఇది మన మల్లె కాదు" అని నవ్వి తలకు రాసికొనెను. ఆమె మాటలో తప్పు పట్టుట లేదు. తప్పు నాది. మూట మోసినవాడను, పద్ధతి చూచినవాడను. ఆ నాలుగేండ్లలో ఒక్క వేసవియైనను పళ్లెము పరచనైతిని.

ఇప్పటి ఇనుపమరలలో గింజ వేడెక్కి, పట్టిన వాసన చాలవరకు పోవును. చల్లగా ఆడెడి కట్టెగానుగ కావలెను. అవి కొన్ని ఊళ్లలో మరల తిరుగుచున్నవని విని సంతోషించుచున్నాను. ఈ విద్య తెలిసిన ముసలివారు మీ యింట ఎవరైన ఉన్నచో రానున్న వేసవిలో వారిచేత ఒక మానికెడు నువ్వులకు వాసన పట్టింపుడు; చిన్నవారిని దగ్గర కూర్చుండబెట్టుడు. పుస్తకమున నేను చెప్పగలిగినది పూలు మార్చవలెనని మాత్రమే. ఎప్పుడు చాలునో చెప్పుటకు నువ్వు కొరికి చూచిన నాలుక కావలెను.