గట్టు మీది నుంచి కలెక్టరేటు దాకా: రెవెన్యూ శాఖలో సమాచార ప్రవాహం, దాని విలువ

సంస్థలో సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల మీదుగా నడుస్తుంది, ఎక్కడికి చేరి నిర్ణయమవుతుంది అన్నది పటంగా గీసి, దాని విలువ కట్టే పద్ధతిని సమాచార ఆడిట్ అంటున్నారు. బ్రిటన్‌లో ఎలిజబెత్ ఓర్నా 1990లో వెలువరించిన గ్రంథం ఈ పద్ధతికి మంచి పునాది వేసింది. విలువ కట్టడానికి అంతకు ముందే, 1966లో, రోనాల్డ్ హోవర్డ్ ఒక కొలత సూచించాడు. సమాచారం లేనప్పుడు తీసుకునే నిర్ణయం ఎంత ఫలితమిస్తుంది, ఉన్నప్పుడు తీసుకునేది ఎంత ఇస్తుంది, ఆ తేడాయే సమాచారం విలువ. ఈ ఆలోచనలు ఎక్కువగా కంపెనీలకూ గ్రంథాలయాలకూ వాడినవి. తెలుగునాట కోట్ల మంది బతుకుతో ముడిపడిన రెవెన్యూ శాఖకు వీటిని అన్వయించి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. మన సంస్కరణలన్నీ సమాచారం పైకి చేరే వేగాన్ని పెంచాయి. తప్పు పడ్డప్పుడు దిద్దుకునే దారిని మాత్రం ఖర్చుగా లెక్కగట్టి కుదించాయి. నిజానికి రికార్డు విలువలో పెద్ద వాటా ఆ దారిదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

ఊరి భూముల లెక్క రాసే పహాణీలో ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఆంధ్ర ప్రాంతంలో దీన్నే అడంగల్ అంటారు. సర్వే నంబరు, దాని ఉపవిభాగం, విస్తీర్ణం, భూమి స్వభావం, నీటి ఆధారం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పంట. ఒకే వరుసలో ఉన్నా వీటి ఆయుష్షు ఒకటి కాదు. విస్తీర్ణం సర్వే నాటి నుంచి దశాబ్దాల పాటు మారకుండా ఉండవచ్చు. పట్టాదారు పేరు అమ్మకంతోనో చావుతోనో మారుతుంది. అనుభవదారు కౌలును బట్టి ఏటేటా మారవచ్చు. పంట అయితే ప్రతి కారుకూ మారుతుంది. అందుకే పాత ఏర్పాటులో గ్రామాధికారి పొలం మీదికి వెళ్లి అజమాయిషీ చేసి రాసేవాడు, పై అధికారులు కొన్ని నంబర్లు ఎంచుకుని సరిచూసేవారు. ఏడాదికోసారి జమాబందీలో ఊరి లెక్కలన్నీ బల్ల మీదికి వచ్చేవి. జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరం ఈ పని మొత్తానికి గడువు పెట్టేది. సమాచార ఆడిట్ భాషలో చెబితే, జమాబందీ అంటే తప్పును వెతకడానికి సంస్థ తనకు తాను ఏటా కేటాయించుకున్న సమయం.

పట్టాదారు చనిపోయినప్పుడు ఏం జరిగేదో చూస్తే ఈ ప్రవాహం స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. చావు కబురు ఊళ్లో అందరికంటే ముందు తెలిసేవారిలో గ్రామాధికారి ఒకడు. వారసులెవరో, ఎవరు పొరుగూళ్లో ఉన్నారో, ఏ కూతురి పేరు దాచిపెడుతున్నారో కూడా అతనికి తెలుసు. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ఈ ఎరుకకు ఒక క్రమం ఇచ్చింది. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే మ్యుటేషన్ ఉత్తర్వు, హక్కుల రికార్డు అయిన 1-బిలో నమోదు. ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గర అప్పీలు, ఆపైన జాయింట్ కలెక్టరు దగ్గర రివిజన్. నెమ్మదైన దారే, లంచాల దారి కూడా. అయినా ఒక్కో మెట్టు దగ్గర మరో మనిషి ఆ నమోదును మళ్లీ చూసే అవకాశం ఉండేది.

ఈ పటం మీద మొదటి పెద్ద కోత 1984లో పడింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్యంగా నడిచిన గ్రామాధికారి పదవులను రద్దు చేసింది. కరణాలు, మునసబులు, పటేళ్లు, పట్వారీలు అధికారం కోల్పోయారు. ఊరి భూమి లెక్క ఒకే ఇంటి పెట్టెలో తరతరాలుగా ఉండిపోవడం, చదువు లేని రైతు ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడాల్సి రావడం న్యాయం కాదు. రద్దు చేయడం న్యాయమే. అయితే రద్దయినవి పదవులు. వాటితో పాటు నడిచిన పనికి పటం గీసి, ఏది ఎవరికి అప్పగించాలో ముందే తేల్చుకోలేదు. చాలా ఊళ్లలో రికార్డులు పూర్తిగా చేతికి రాలేదు, వచ్చినవాటిలో గుర్తులూ కొట్టివేతలూ చదివి చెప్పేవారు లేకపోయారు. సంస్థలు ఏర్పరచుకున్న సమాచార మార్గాలు తిరిగి రాబట్టుకోలేని పెట్టుబడి వంటివని కెన్నెత్ ఆరో 1974లో వివరించాడు. మన గ్రామ లెక్కల చరిత్రకు ఇంతకంటే సరిగ్గా అతికే మాట మరొకటి దొరకదు.

రెండో కోత తెలంగాణలో 2020 సెప్టెంబరులో పడింది. గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యాయి, 2022లో వారిని ఇతర శాఖల్లో సర్దారు. 2020 అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట తహసీల్దారు కార్యాలయంలో ముగియడం రైతుకు నిజమైన మేలు, దీన్ని తక్కువ చేయకూడదు. కానీ అందులోకి ఎక్కించిన సమాచారం 2017 భూ రికార్డుల ప్రక్షాళన నాటిది. అప్పుడు తేలని భూములు పార్ట్-బిలో ఆగిపోయాయి. సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడిన ఉదంతాలు అనేకం. దిద్దుబాటు దగ్గరికి వచ్చేసరికి పాత మెట్లు లేవు. అప్పీలు, రివిజన్ పోయాయి. 2024లో కొన్ని అధికారాలు తహసీల్దారుకూ ఆర్డీవోకూ బదలాయించేదాకా చాలా సవరణలు కలెక్టరు దగ్గరే తేలాల్సి వచ్చేది. ఒక అక్షరం తప్పు పడ్డ రైతు, వంద ఎకరాల వివాదం ఉన్న రైతు ఒకే వరుసలో నిలబడ్డారు. వారసత్వం విషయంలోనూ వారసులే ఉమ్మడి అంగీకారంతో వచ్చి స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చేది. వారిలో ఒక్కరు ఒప్పుకోకపోయినా చనిపోయినవారి పేరు మీదే భూమి నిలిచిపోయేది. వారసులెవరో చెప్పాల్సిన మనిషి ఊళ్లో లేకుండా పోయాడు.

ఇక విలువ సంగతి. హోవర్డ్ కొలతను అనుభవదారు గడికి పెట్టి చూద్దాం. ధరణి రికార్డులో ఆ గడి తీసేశారు. భూమి కౌలుకిచ్చిన యజమానిని ఆ గడి భయపెడుతుందనీ, ఏళ్లు గడిచాక దాన్ని పట్టుకుని హక్కు వాదిస్తారనీ ప్రభుత్వం చెప్పిన కారణం కొట్టిపారేయదగినది కాదు; అలాంటి వివాదాలు ఉన్నాయి. కానీ 2018 మేలో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు, తర్వాత 5,000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చింది. దున్నేది ఎవరన్న సమాచారం వ్యవస్థలో ఉంటే ఆ డబ్బు ఎవరికి ఎంత చేరాలన్న నిర్ణయాన్ని కనీసం చర్చించగలిగేవాళ్లం. అది లేకపోవడంతో నిర్ణయం ముందే అయిపోయింది. ప్రకృతి విపత్తులో పంట నష్టం, బ్యాంకు రుణం విషయంలో కూడా ఇదే జరుగుతుంది. యజమాని భయానికి గడి తీసేయడమొక్కటే మందు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం 11 నెలల ఒప్పందంతో సాగుదారు పత్రం ఇచ్చింది. యాజమాన్య హక్కును ముట్టుకోకుండా సాగును నమోదు చేయవచ్చని ఈ రెండూ ఒప్పుకున్నాయి. యజమాని సంతకం అడగడం వల్ల 2019 పత్రం చాలామందికి అందలేదన్నది ఆ చట్టం లోపం, ఆలోచన లోపం కాదు.

రికార్డు ఇప్పుడు ఫోనులోనే కనిపిస్తోంది కదా, మధ్య మనుషులెందుకు అన్నది గట్టి ఆక్షేపణ. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో వచ్చిన మీభూమి వంటి పోర్టళ్లు కరణం పెట్టె మూత తెరిచాయి, ఆ మేలు శాశ్వతం. అయితే తన పేరు తప్పు పడిందని తెరమీద చూసుకోవడానికీ, దాన్ని సరిచేయించుకోవడానికీ మధ్య దూరం తగ్గలేదు. పొలంలో జరిగినదాన్ని ఎవరో ఒకరు చూసి రాయాలి, రాసినదాన్ని మరొకరు సరిచూడాలి. ఈ రెండు పనులూ ఏ పోర్టల్ చేయలేదు. గ్రామస్థాయి ఉద్యోగి అవినీతిపరుడన్నది మరో ఆక్షేపణ. ఆ ఫిర్యాదులు నిజమే. కానీ అతని మీద తనిఖీ బలహీనపడటం ఆ అవినీతికి ఒక ముఖ్య కారణం. జమాబందీ తంతుగా మారాక అతను రాసిందే రికార్డయింది. మనిషిని తీసేస్తే తనిఖీ వచ్చి కూర్చోదు.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. ఆర్డీవో, కలెక్టరు దగ్గర అప్పీళ్లు, వారసత్వంలో విచారణ తిరిగి వచ్చాయి, అదే ఏడాది గ్రామ పాలన అధికారుల నియామకమూ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే కొలతలు కొత్తగా వస్తున్నాయి, వాటిపై అభ్యంతరాలూ వస్తున్నాయి. రెండు ప్రభుత్వాలూ ఈ దశలోనే చేయదగిన పని ఒకటుంది. పహాణీలో ఒక్కో గడికీ అది ఎవరు చూసి రాయాలి, ఎంతకాలానికి పాతబడుతుంది, ఏ నిర్ణయానికి పనికొస్తుంది, తప్పయితే ఎన్ని రోజుల్లో ఏ స్థాయిలో దిద్దాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి గ్రామ సచివాలయం, పంచాయతీ కార్యాలయాల గోడ మీద అంటించాలి. ఈ జవాబులు రాయకుండా మరో పోర్టల్ మొదలుపెట్టవద్దని రెవెన్యూ మంత్రులకూ భూపరిపాలన ప్రధాన కమిషనర్లకూ విన్నపం.