చేతులు మారిన నవలలు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాన్న ఉన్నట్టుండి అడిగారు. "ఆ రాకెట్ల నవలలేవో చదువుతుంటావు కదా, నాకూ ఒకటివ్వు చూద్దాం" అని.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో బీరువా పై అర మొత్తం విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలే. మాస్కోలో అచ్చయి, నున్నటి కాగితంతో, మన జేబుకి అందే ధరతో వచ్చిన తెలుగు పుస్తకాలు. ఉప్పల లక్ష్మణరావు అనువాదం అంటే చాలు, లోపల ఏముందో చూడకుండా కొనేవారు. ఆ అర మీద దుమ్ము మేం దులిపినా ఊరుకోరు.

సైన్స్ ఫిక్షన్ సిఫార్సు చేయడం పెళ్ళిసంబంధం చెప్పడం లాంటిది. కుదరకపోతే తిట్లు మనకే. ఈసారి ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ తరహాలో నాకు బాగా ఇష్టమైన నవలలు ఆయన బీరువా దేశంలోనే పుట్టి, ఆ బీరువాదాకా రాకుండా ఆగిపోయినవి.

యెవ్గెనీ జమ్యాతిన్ సంగతే చూడండి. ఓడలు కట్టే ఇంజనీరు. 1905లో బోల్షెవిక్కుగా జైలుకెళ్ళినవాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులో ఉండి రష్యా కోసం మంచు పగలగొట్టే ఓడలు కట్టించాడు. విప్లవం వేళకి తిరిగొచ్చి, 1920-21లో 'మేము' అనే నవల రాశాడు. అందులో మనుషులకి పేర్లుండవు, నంబర్లే. ఇళ్ళకి గోడలు గాజువి. అన్నం ముద్ద ఎన్నిసార్లు నమలాలో కూడా ప్రభుత్వమే చెబుతుంది, యాభైసార్లు. కథ చెప్పేవాడు డి-503, అంతరిక్షనౌక కడుతున్న ఇంజనీరు. పాపం, వాడికి తన జీవితం మీద ఫిర్యాదేమీ లేదు, ప్రేమలో పడేదాకా.

ఈ నవల రాసిన భాషలో కాకుండా ముందు ఇంగ్లీషులో, 1924లో న్యూయార్కులో అచ్చయింది. 1927లో ప్రాగ్‌లోని ప్రవాస రష్యన్ల పత్రికలో భాగాలు వచ్చాయి. అదే కొంప ముంచింది. 1929లో పత్రికలన్నీ కట్టగట్టుకుని జమ్యాతిన్ మీద పడ్డాయి. రచయితల సంఘం నుంచి ఆయనే బయటికొచ్చేశాడు. 1931లో నేరుగా స్టాలిన్‌కే ఉత్తరం రాశాడు, దేశం వదిలి వెళ్ళనివ్వమని. గోర్కీ మాటసాయం చేశాడు. వెళ్ళనిచ్చారు! ఆ కాలంలో అది ఎంత అరుదో చెప్పక్కర్లేదు. 1937లో పారిస్‌లో పోయాడు. నవల సొంతదేశంలో అచ్చయ్యేసరికి 1988. మధ్యలో ఆర్వెల్ ఫ్రెంచి అనువాదం సంపాదించి చదివి, 1946లో దాని మీద వ్యాసం రాశాడు. ఆయన '1984' వచ్చింది 1949లో. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే అప్పు ఎంతో మీకే తెలుస్తుంది. నాకైతే జమ్యాతిన్‌లోనే నవ్వు ఎక్కువ.

అయినా కొత్తవాళ్ళకి 'మేము' మొదట ఇవ్వకూడదు. వాక్యాలు మధ్యలో తెగిపోతుంటాయి, డైరీ రాసేవాడికి మతి చెదిరిపోతుంటుంది. దాన్ని నిలబెట్టే ఓపిక మొదటిసారే రాదు.

మొదట ఇవ్వాల్సింది స్ట్రుగాట్‌స్కీ సోదరుల 'రోడ్డుపక్క పిక్నిక్'. అన్న అర్కాదీ జపనీస్ భాష అనువాదకుడు, తమ్ముడు బరీస్ ఖగోళశాస్త్రజ్ఞుడు. గ్రహాంతరవాసులు వచ్చి వెళ్ళిపోయారు. మనల్ని పలకరించలేదు, యుద్ధం చేయలేదు, అసలు చూశారో లేదో కూడా తెలీదు. కార్తీకమాసంలో వనభోజనాలకెళ్ళి విస్తళ్ళూ సీసాలూ తోటలోనే పారేసి వస్తాం చూడండి, చీమలకి అవేం అర్థమవుతాయి? మన స్థితి అదే. ఆ చెత్త పడిన చోటు 'జోన్'. ఎముకల్ని కరిగించే జిగురు ఒకచోట, మనిషిని నలిపేసే కనపడని బరువు ఇంకోచోట. ముందు ఇనుప నట్టు విసిరి, అది సరిగ్గా పడితేనే అడుగు వేయాలి. దొంగతనంగా వెళ్ళి అందులోంచి వస్తువులు తెచ్చి అమ్ముకునేవాళ్ళు స్టాకర్లు. రెడ్రిక్ అలాంటివాడు. తాగుతాడు, బూతులు తిడతాడు, కూతురంటే ప్రాణం.

స్టాకర్ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో బరీస్ తర్వాత చెప్పాడు. కిప్లింగ్ రాసిన బడిపిల్లల కథల్లోని స్టాకీ అనే కుర్రాడి పేరట. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ నుంచి లెనిన్‌గ్రాడ్‌కి, అక్కణ్ణుంచి చెర్నోబిల్‌కి! 1986 తర్వాత అక్కడి నిషిద్ధ ప్రాంతంలోకి దొంగచాటుగా వెళ్ళేవాళ్ళకి జనం పెట్టుకున్న పేరూ అదే.

ఇది 1972లో లెనిన్‌గ్రాడ్ పత్రిక 'అవ్రోరా'లో వచ్చింది. పుస్తకంగా రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. రాజకీయం కారణమేమో అనుకుంటాం. కాదు. కథానాయకుడి ప్రవర్తన బాగోలేదు, కొట్టుకోవడం ఎక్కువ, భాష మొరటు అని పబ్లిషర్లు జాబితాలు పంపేవారు. 1980లో కోసీ దిద్దీ అచ్చువేశారు. నాకు ఇది నిషేధం కన్నా నీచంగా కనిపిస్తుంది. నిషేధిస్తే రచన కనీసం చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఇంగ్లీషులో చదివేవాళ్ళు 2012లో వచ్చిన ఒలేనా బోర్మషెంకో అనువాదం తీసుకోండి, బరీస్ రాసిన వెనుకమాట కూడా అందులో ఉంది.

అనువాదం మాటొచ్చింది కాబట్టి పోలండు రచయిత లెమ్ 'సొలారిస్' గురించి కూడా. 1961 నవల. 1970లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచి నుంచి చేసింది. లెమ్‌కి నచ్చలేదు. పోలిష్ నుంచి బిల్ జాన్‌స్టన్ చేసిన అనువాదం 2011లోగానీ రాలేదు. కొనేముందు అనువాదకుడి పేరు చూసుకోండి.

నాన్నకి 'రోడ్డుపక్క పిక్నిక్' ఇచ్చి వచ్చాను. ఆయన ఇంగ్లీషు నవల మెల్లగా చదువుతారు. మూడు వారాల తర్వాత ఫోను చేశారు. నవల గురించి ఏమీ అనలేదు. వెనుకమాట రెండుసార్లు చదివానన్నారు.

"మనకి పంపినవన్నీ కూడా ఇట్లా దిద్దినవేనంటావా?"

"అన్నీ అని ఎట్లా చెప్తాం నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ ఓడల ఇంజనీరుది కూడా ఉందన్నావుగా, అది పంపు" అన్నారు.

మొన్ననే పార్సిల్ చేశాను. పై అరలో పెడతారో, వేరే చోట పెడతారో ఈసారి వెళ్ళినప్పుడు చూడాలి.