గర్భసంచి ఆపరేషన్: ఆస్పత్రిలో ఎన్ని రోజులు ఉండాలి? డిశ్చార్జ్‌కు ముందు ఇవి తప్పక చూసుకోండి!

గర్భసంచి ఆపరేషన్ అనగానే ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న.. ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉండాలి? పక్కింటావిడను రెండో రోజే పంపించేశారు, పెద్దమ్మ మాత్రం వారం ఉంది. ఎందుకీ తేడా?

మన దగ్గర ఈ ఆపరేషన్లు ఎక్కువే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం ఉంటే.. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం మంది ఉన్నారు.

ఏ ఆపరేషన్‌కు ఎన్ని రోజులు?

* పొట్ట కోసి చేస్తే: సాధారణంగా 2 నుంచి 5 రోజులు. పూర్తిగా కోలుకోవడానికి 6 నుంచి 8 వారాలు.
* ల్యాప్రోస్కోపీ లేదా యోని మార్గంలో చేస్తే: సాధారణంగా 1 నుంచి 3 రోజులు.
* డీ అండ్ సీ, హిస్టెరోస్కోపీ: చాలావరకు అదే రోజు ఇంటికి.

షుగర్, గుండె జబ్బు, రక్తహీనత ఉన్నా, ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోయినా మరికొన్ని రోజులు ఉంచుతారు.

రోజుల లెక్క కంటే ఇవి ముఖ్యం

జ్వరం ఉండకూడదు. పైపు తీశాక మూత్రం సొంతంగా రావాలి. తిన్నది వాంతి కాకూడదు. లేచి నడవగలగాలి. నొప్పి మాత్రలతోనే అదుపులో ఉండాలి. ఇవన్నీ ఉంటే త్వరగా పంపించారని భయపడక్కర్లేదు.

ఎక్కువ రోజులు పడుకుంటే మంచిదా?

కాదు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ప్రమాదం. అందుకే నర్సులు వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు. 'పచ్చి ఒళ్లు, కదలొద్దు' అని ఇంట్లోవాళ్లు ఆపకూడదు.

ఇంటికెళ్లే ముందు అడగండి

అండాశయాలు కూడా తీశారా? ఈ విషయం చాలామందికి తెలియదు. డిశ్చార్జ్ కాగితాల్లో ఉందో లేదో చూసుకోండి. బయాప్సీ రిపోర్టు ఎప్పుడొస్తుందో, మళ్లీ ఎప్పుడు రావాలో కూడా కనుక్కోండి. ఇల్లు ఆస్పత్రికి దూరమైతే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇవి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి..

* 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం
* గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం
* కుట్ల దగ్గర చీము, దుర్వాసన
* మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండానే కారిపోవడం
* ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం
* ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. మీ విషయంలో మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ సలహానే పాటించండి.