పాఠం వచ్చింది, వాడకం రాలేదు: బంగ్లాదేశ్ ఉప్పు-బెల్లం నీళ్ల ప్రచారంలో అనంతర సర్వేలు

ఆరోగ్య ప్రచార సామగ్రి పనిచేసిందో లేదో తేల్చే అనంతర సర్వేలు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతాయి: చెప్పింది గుర్తుందా? ఆ ప్రశ్న ఎంతవరకు సరిపోతుందో తెలుసుకోవడానికి బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980-90 మధ్య నడిపిన ఉప్పు-బెల్లం నీళ్ల కార్యక్రమాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

అక్కడ ప్రచార సామగ్రి ప్రధానంగా నోటిమాటే. అప్పట్లో తల్లుల్లో ఎక్కువమందికి చదువు రాదు. అందుకని మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, విరేచనాలైన బిడ్డకు అర సేరు నీళ్లలో మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం కలిపి పట్టమని నేర్పారు. గుర్తుంచుకోవాల్సిన అంశాలను నోటికి వచ్చేదాకా చెప్పించారు. నీళ్లు తల్లి చేతనే కలిపించారు. పదేళ్లలో ఈ పాఠం అందిన ఇళ్లు 1.2 కోట్ల పైమాటే.

సుమారు నెల గడిచాక వేరే పరిశీలకులు వచ్చేవారు. కొందరు తల్లులను నమూనాగా ఎంచుకుని అంశాలు అడిగేవారు, నీళ్లు మళ్లీ కలపమనేవారు. ఆ నీళ్లలో ఉప్పు ఎంతుందో ప్రయోగశాలలో కొలిచేవారు. ఈ సర్వేలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని నా అభిప్రాయం. ఉప్పు మోతాదు మించితే పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. తల్లి పాఠం తడుముకోకుండా అప్పజెప్పినా చిటికెడు సరిగా పడుతుందో లేదో దాన్నిబట్టి తెలియదు. కార్యకర్త వేతనం కూడా ఈ పరీక్షలో తల్లికి వచ్చిన గ్రేడును బట్టే ఉండేది: మొదటి గ్రేడుకు 4 టాకాలు, చివరి గ్రేడుకు సున్నా.

ఫలితాలు ఘనంగా వచ్చాయి. తల్లుల్లో అత్యధికులు పాఠం చెప్పగలిగారు, నీళ్లు సరిగా కలపగలిగారు. కానీ ఇంట్లో బిడ్డకు విరేచనాలైనప్పుడు నిజంగా పట్టారా అని అడిగితే, తొలిదశలో సుమారు 6 శాతం సందర్భాల్లోనే పట్టినట్టు తేలింది. బ్రాక్ ఈ అంకెను దాచిపెట్టలేదు, కారణాలు వెతికింది. నేర్పే కార్యకర్తల్లోనే కొందరికి ఆ నీళ్ల మీద నమ్మకం లేదు. తమ ఇళ్లలో మాత్రలే వాడుతున్నారు. ఇంటి మగవాళ్లతో ఎవరూ మాట్లాడలేదు. పైగా తల్లులు విరేచనాలను పలు రకాలుగా విడదీసి చూసేవారు. నీళ్లలా పోయే తీవ్రమైన రకానికే ఈ మందు అనుకున్నారు. పరీక్షలో మంచి గ్రేడు వచ్చిన తల్లి కూడా మిగతా రకాలకు దాన్ని వాడాలని అనుకోలేదు.

తర్వాత కార్యకర్తలను ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి చికిత్సను కళ్లారా చూపించారు. తల్లుల ఎదుట ఆ నీళ్లు మొదట కార్యకర్తలనే తాగమన్నారు. బజారులో, మసీదు దగ్గర మగవాళ్లతోనూ మాట్లాడారు. వాడకం క్రమంగా పెరిగింది.

ఇక్కడ వేతన పద్ధతిని కూడా ప్రశ్నించాలి. జీతం జ్ఞాపకానికి ముడిపడితే బోధన అటువైపే మొగ్గుతుంది. కార్యకర్తకు తల్లి సందేహం వినడం కన్నా అంశాలు వల్లె వేయించడమే లాభం. అనంతర సర్వే దేన్ని కొలుస్తుందో ప్రచారం దానిలాగే తయారవుతుంది.

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గత రెండు వారాల్లో బిడ్డకు విరేచనాలయ్యాయా, ఇలాంటి ద్రావణమే అయిన ఓఆర్ఎస్ ఇచ్చారా అని అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఆశా కార్యకర్తలు పంచే ఓఆర్ఎస్ ప్యాకెట్ల ప్రచారాన్ని అంచనా వేసేటప్పుడూ మొదట ఇదే అడగాలి. ఇవ్వలేదని చెప్పిన తల్లిని ఎందుకు ఇవ్వలేదో అడగాలి. అడిగేది ప్యాకెట్ ఇచ్చిన ఆశా కాకుండా మరొకరై ఉండాలి.