రూటర్ లాగిన్ పేజీలో ఆ ఎర్ర హెచ్చరిక

రాష్ట్ర రాజధానిని జిల్లా, బ్లాక్ కేంద్రాలతో కలిపే స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకాన్ని కేంద్రం 2005లో ఆమోదించింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ రాజధాని రాయ్‌పుర్. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున, శబరి ఒడ్డున ఉన్న కుంట ఒక బ్లాక్ కేంద్రం. అలాంటి చోట ఉన్న రూటర్‌లో చిన్న మార్పు కోసం ఎవరూ 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించరు. రాయ్‌పుర్ నుంచే బ్రౌజర్‌లో తెరుస్తారు. ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తే దాన్ని దాటేసి పాస్‌వర్డ్ కొట్టడం నెట్‌వర్క్ సిబ్బందిలో చాలామందికి అలవాటు.

హెచ్చరికకు కారణం సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్. గుర్తింపు కార్డుపై తన సంతకం తానే పెట్టుకోవడం లాంటిది. డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, నిజమే. కానీ అవతల ఉన్నది అసలు రూటరా, మధ్యలో దూరిన మరొకరా అన్నది తేలదు. అడ్మిన్ పాస్‌వర్డ్ పోయేది అక్కడే.

192.168తో మొదలయ్యే అంతర్గత చిరునామాలకు బహిరంగ సర్టిఫికెట్ సంస్థలు సర్టిఫికెట్లు ఇవ్వవు. కాబట్టి సంస్థ సొంత సీఏను పెట్టుకోవడమే దారి. ప్రైవేట్ కీ రూటర్‌లోనే తయారవ్వాలి, అక్కడి నుంచి బయటికి రాకూడదు. బయటికి వెళ్లేది సంతకం కోరే అభ్యర్థన మాత్రమే. సర్టిఫికెట్‌లోని ‘ఆల్టర్నేటివ్ నేమ్’ గడిలో రూటర్ పేరు ఉండాలి. 2017 నుంచి క్రోమ్ పాత ‘కామన్ నేమ్’ను పట్టించుకోవడం లేదు. హెచ్‌టీటీపీ, టెల్‌నెట్, పాత టీఎల్ఎస్ 1.0, 1.1 వెర్షన్లను ఆపేయాలి. కరెంటు పోయి వస్తే కొన్ని పరికరాల గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అప్పుడు మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనబడుతుంది. ఎన్‌టీపీతో సమయం సరిచేసుకునే ఏర్పాటు అందుకే.

సంతకం పెట్టేవారే దారి తప్పితే ఏమవుతుందో 2014 జులైలో చూశాం. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సీఏ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. ఆ సీఏ సర్టిఫికెట్లను కేంద్ర నియంత్రణ సంస్థ రద్దు చేసింది. ఆపై క్రోమ్ భారత రూట్ సర్టిఫికెట్‌ను గవ్.ఇన్, నిక్.ఇన్ వంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది. సొంత సీఏను కూడా ఇలాగే సంస్థ పేర్ల పరిధికి కట్టేయవచ్చు.

బయటి డొమైన్ పేరుతో, బహిరంగ సర్టిఫికెట్‌తో నడిచే పరికరాలకు చిక్కు వేరు. 398 రోజుల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో 100కు, 2029లో 47కు తగ్గేలా సీఏ బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. వందల రూటర్లలో 47 రోజులకోసారి చేత్తో మార్చడం కుదిరే పని కాదు. కొత్త పరికరాల టెండర్లలోనే ఆటోమేటిక్ రెన్యువల్ షరతు పెట్టాల్సి ఉంటుంది.