బొంత

దసరా సెలవులకు బయ్యారం పోతే అమ్మ సగం కుట్టిన బొంత నా ముందేసింది: "ఉత్తగనే కూసున్నవు గదా బిడ్డా, ఇది కానియ్యి." లోపల నాయిన పాత ధోవతులు, పైన వెలిసిపోయిన చీరెలు. అంచున మొదలై చుట్లు చుట్లుగా నడుమకొచ్చే తెల్లదారం.

కన్నడంలోనూ ఇది బొంతే, కాకుంటే వాళ్లు 'బొంతె' అంటారు. సంస్కృతంలో కంథ, బెంగాల్ కాంథా కుట్టుకు పేరు అక్కడిదే. సన్యాసి భుజాన ఉండేదీ, పసిబిడ్డ కింద పరిచేదీ ఒకటే మాట. దుప్పటి కొంటాం, బొంత కుడతాం. ఇప్పుడు షాపుల్లో దూదిపరుపు లాంటిదాన్నీ బొంత అనే అమ్ముతున్నారు. పాతచీరె లేనిదాన్ని నేనైతే ఆ పేరుతో పిలవను.

నడుమ జానెడు మిగిలిందనగా దారం అయిపోయింది. అమ్మ చినిగిన చీరె అంచు నుంచి ఓ పోగు లాగి ఇచ్చింది.