మఠం గోడకు తెరిచిన కిటికీ

తెలుగు చెవికి ‘అబ్బే’ కాదనే మాట. ఇంగ్లండ్‌లో అది మఠం పేరు. తీరా కొన్నింటి లోపలికి వెళ్తే సన్యాసినుల జాడ ఉండదు, జమీందారీ బంగళా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఈ చిక్కుముడి విప్పాలంటే విల్ట్‌షైర్‌లోని లేకాక్ అబ్బే దగ్గరికి తీసుకెళ్లాలి.

1226లో భర్త పోయాక సాలిస్‌బరీ కౌంటెస్ ఈలా మళ్లీ పెళ్లాడలేదు. మగవాళ్లు చేసే షెరీఫ్ ఉద్యోగాన్ని విల్ట్‌షైర్‌లో తానే చేపట్టింది. 1232లో ఇక్కడ సన్యాసినుల మఠానికి పునాది వేయించి, కొన్నేళ్లకు తానూ అందులో చేరి మఠాధిపతి అయింది. మూడు వందల ఏళ్లు అక్కడ ప్రార్థనలు జరిగాయి. 1500లో పోతపోసిన పెద్ద గంగాళం ఇప్పటికీ ఉంది. మన పెళ్లిళ్ల వంటశాలలు చూసినవాళ్లకు దాన్ని చూడగానే ప్రాణం లేచొస్తుంది.

పోప్‌తో తెగతెంపులు చేసుకున్న రాజు ఎనిమిదో హెన్రీకి డబ్బు కావాలి, మఠాలకు భూములున్నాయి. 1536 నుంచి 1540 లోపు దేశంలో సుమారు ఎనిమిది వందల మఠాలు మూతపడ్డాయి. లేకాక్ వంతు 1539లో వచ్చింది. విలియం షరింగ్టన్ అనే అతను దాన్ని 783 పౌండ్లకు కొన్నాడు.

అతను చర్చిని పడగొట్టించాడు. వసారాలు, కింది గదులు మాత్రం ఉంచి, వాటి పైన కాపురం పెట్టాడు. తర్వాత బ్రిస్టల్ టంకశాలలో నాణేల మోసం చేసి పట్టుబడ్డాడు, క్షమాభిక్షతో బయటపడ్డాడు. ఈలా స్థాపించిన మఠం వసారాలు ఇలాంటివాడి చేతిలో మిగలడం చరిత్రలోని విచిత్రం. హ్యారీ పాటర్ సినిమాల్లో పిల్లలు చూసింది వాటినే.

షరింగ్టన్‌కు పిల్లల్లేరు. ఆస్తి తమ్ముడికి, ఆపై తమ్ముడి కూతురి పెళ్లితో టాల్బట్ వంశానికి చేరింది.

ఆ వంశంలోని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ వల్లే లేకాక్‌కు ప్రపంచంలో చోటు దక్కింది. కూలిన చర్చికి ఉత్తరపు గోడే ఈ బంగళాకు దక్షిణపు గోడ. ఆ వైపున్న గ్యాలరీలో ఆయన కొత్త కిటికీలు పెట్టించాడు. 1835 ఆగస్టులో చిన్న చెక్కపెట్టె కెమెరాతో వాటిలో ఒక దాన్ని కాగితం మీద బంధించాడు. అలాంటి పెట్టెలను ఆయన భార్య ఎలుకబోనులనేది. ఆ కాగితం పోస్టల్ స్టాంపంత, తీసిన కొత్తలో భూతద్దంతో చూస్తే గాజుపలకలు లెక్కపెట్టగలిగేవారు. నేటికి మిగిలిన ఫొటో నెగటివ్‌లలో అదే అత్యంత పాతది. తెలుగిళ్ల బీరువాల్లో పెళ్లి నెగటివ్‌లు దాచుకున్నవాళ్లకు ఇది ఎవరి కథో వేరే చెప్పాలా!

1944లో మటిల్డా టాల్బట్ ఇంటినీ, ఊరినీ నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంస్థకు ఇచ్చేసింది. ఆ కిటికీ దగ్గర ఇప్పుడు ఎవరైనా నిలబడవచ్చు. బయట, ఒకప్పుడు చర్చి ఉన్నచోట, పచ్చిక ఉంది.